బొటనవేలు అడగని కోచ్ కావాలి

ప్రతి ఏడూ ఏప్రిల్ 14 దగ్గర పడే కొద్దీ మన పేటల్లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి, బాబాసాహెబ్ విగ్రహానికి రంగు వేయించడం. రెండు, క్రికెట్టో కబడ్డీయో టోర్నమెంటు పెట్టడం. హిందూపురం చుట్టుపక్కలైనా, పెనుకొండ కొండ కింది పల్లెల్లోనైనా, ధర్మవరం మగ్గాల వీధుల వెనకాల కాలనీల్లోనైనా ఇదే వరస. చందాలు వసూలు చేస్తారు. కరపత్రం అచ్చు వేస్తారు. కప్పు కొంటారు. మైకు కడతారు. నీలం జెండా ఎగరేస్తారు. మంచిదే. మన పిల్లలు మైదానంలోకి దిగడమే ఒక పోరాటం అయిన దేశం ఇది.

కానీ ఆ మైదానం గట్టు మీద ఒక్కసారి నిలబడి చూడండి. పదేళ్ల పిల్లోడు ఏం చేస్తుంటాడు? బంతి కంపచెట్లల్లో పడితే ముళ్లు గుచ్చుకుంటున్నా దూరి తెస్తుంటాడు. పెద్దోళ్లకు నీళ్ల బిందె మోస్తుంటాడు. సున్నంతో గీతలు గీస్తుంటాడు. వాడి చేతికి బ్యాటు ఎప్పుడిస్తారు? ఆటంతా అయిపోయి పొద్దు గుంకినాక, బంతి కనపడని చీకట్లో. మరి ఆడపిల్ల ఎక్కడుంది? ఇంటి దగ్గర గిన్నెలు తోముకుంటూ మైకులో స్కోరు వింటోంది. ఒకవేళ పిల్లల జట్టు అంటూ ఒకటి కట్టినా, దానికి నేర్పే అన్న చేతిలో ఏముంటుంది? బెత్తం. నోట్లో ఏముంటుంది? బూతు.

ఈ మాట బయటోళ్ల మీద రాయడం సులభం. ఈసారి మన మీద మనమే రాసుకుంటున్నాం.

ఈ సంపాదకీయం రాసే చేతికి కూడా ఒక జ్ఞాపకం ఉంది. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు బడి కబడ్డీ జట్టుకు నన్ను ఎంచినారు. నాకు దమ్ము బాగా నిలిచేది. కూతకు పోతే ఇద్దరిని ముట్టి వచ్చేవాణ్ణి. ఒకరోజు పొద్దున ఏమీ తినకుండా వచ్చాను. ఇంట్లో సంగటి లేదు గనక. రెండో కూతకే కళ్లు తిరిగి పడిపోయాను. లేపినాయన గుక్కెడు నీళ్లు ఇవ్వలేదు. బెత్తంతో పిక్కల మీద నాలుగు పీకి, 'తిండికి తప్ప ఆటకు పనికొస్తార్రా మీ జాతోళ్లు' అన్నాడు. నేను పడిందేమో తిండి లేక. ఆయన అన్నదేమో తిండిపోతని. ఆ రోజు నుంచి నేను మళ్లీ గీత దాటి కూతకు పోలేదు. పిక్కల మీది వాతలు వారానికి మానినాయి. ఆ మాట ముప్పై ఏళ్లకూ మానలేదు.

ఇంతవరకైతే ఇది పెత్తందారీ గురువు మీద ఫిర్యాదు. మనకు అలవాటైన కథ. కానీ మిగతాది కూడా చెప్పాలి. పదేళ్ల తర్వాత మా సంఘం పిల్లలకు కబడ్డీ నేర్పే పని నాకు అప్పగించారు. మొదటి వారంలోనే నా చేతిలోకి ఒక బెత్తం వచ్చింది. ఎవరూ ఇవ్వలేదు. దానంతటదే వచ్చింది. ఒక పిల్లోడు నేను దగ్గరికి పోగానే ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఎవరి వారసుణ్ణి అయ్యానో అప్పుడు గాని తెలియలేదు.

మిత్రులారా, ఈ సంచికలో మనం మాట్లాడుకోవాల్సింది ఇదే. మనువాదం ఊరి రచ్చకట్ట మీదే కాదు, మన పిల్లలకు ఆట నేర్పే మన చేతిలో కూడా దాగి ఉంటుంది.

*

ఈ దేశంలో గొప్ప గురువు అని పుస్తకాలు పొగిడేది ద్రోణుణ్ణి. ఆయన ఏకలవ్యుడికి ఒక్క పాఠం చెప్పలేదు. ఫీజు మాత్రం కుడిచేతి బొటనవేలు తీసుకున్నాడు. భారత ప్రభుత్వం 1985 నుంచి మంచి కోచ్‌లకు ఇస్తున్న పురస్కారానికి ఎవరి పేరు పెట్టిందో తెలుసు కదా? ద్రోణాచార్య పేరే. ఆ పురస్కారం అందుకున్నవాళ్ల కష్టాన్ని మనం కించపరచడం లేదు. దేశంలో కోచ్‌లందరికీ ఆదర్శంగా ఆ పేరు పెట్టేటప్పుడు తెగిన ఆ వేలు ఎవరికీ గుర్తు రాలేదా అని మాత్రం అడుగుతున్నాం.

ఆ కథలో మనం పట్టించుకోని ఇంకో సంగతి ఉంది. ద్రోణుడు ఆ పని ఎందుకు చేశాడు? తన ముద్దు శిష్యుడే మొదటివాడుగా ఉండాలని. ఒకరి గెలుపు కోసం ఇంకొక పిల్లోడి చెయ్యి. కప్పు కోసం పిల్లల్ని బలిపెట్టే ప్రతి కోచూ, వాడు ఏ కులంలో పుట్టినా, చేస్తున్నది అదే పని. జ్వరంతో ఉన్న పిల్లని 'ఫైనల్ కదా' అని దింపడం. మడమ వాచినా ఆడించడం. నిదానంగా నేర్చుకునే పిల్లోణ్ణి ఏడాదంతా గట్టు మీద కూర్చోబెట్టడం. ఇవన్నీ బొటనవేళ్లే.

పల్వంకర్ బాలూ పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ధార్వాడలో చర్మకార కులంలో పుట్టినాడు. పూనాలో తెల్లదొరల క్లబ్బులో నేల చదును చేసేవాడు, దొరలు సాధన చేసుకోవడానికి గంటల కొద్దీ బంతులు వేసేవాడు. బంతి వేయడమే ఆయన పని. బ్యాటు పట్టడం దొరల పని. తర్వాత హిందువుల జట్టుకు ఆయన బౌలింగుతో అవసరం పడింది. మైదానంలో ఆయన ముట్టిన బంతినే అందరూ ముట్టుకున్నారు. టీ తాగే వేళకు మాత్రం ఆయన పెవిలియన్ బయట, మట్టి ముంతతో. 1911లో భారత జట్టు ఇంగ్లండు పోయినప్పుడు ఆయన ఒక్కడే 114 వికెట్లు తీశాడు. అయినా హిందువుల జట్టుకు ఆయన్ని కెప్టెన్ని చేయలేదు. ఆ కుర్చీ ఆయన తమ్ముడు విఠల్‌కు 1923లో గాని దక్కలేదు.

అదంతా పాత కాలం అనేవాళ్లకు 2021 ఆగస్టు గుర్తు చేద్దాం. టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్ హాకీలో అట్లా కొట్టిన మొదటి భారత మహిళ ఆమె. జట్టు అర్జెంటీనా చేతిలో సెమీ ఫైనల్ ఓడిపోగానే, హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాకాయలు కాల్చి కులం పేరుతో తిట్టారని ఆమె కుటుంబం పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. గెలిస్తే దేశం బిడ్డ. ఓడితే గేరి బిడ్డ.

బాలూకు బ్యాటు ఇవ్వనోళ్లను తిట్టే హక్కు మనకు ఉంది. కానీ మన టోర్నమెంటులో బంతులు ఏరి తెచ్చే పదేళ్ల పిల్లోడికి మనం బ్యాటు ఇస్తున్నామా?

*

ముందు మైదానం ఎవరిదో తేల్చుకుందాం. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగాడు. దప్పిక తీర్చుకోవడానికి కాదు, మేమూ మనుషులమే అని చెప్పడానికి. రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లతో పాటు ప్రభుత్వ సొమ్ముతో నడిచే బహిరంగ స్థలాలన్నిటి పేరూ చెప్పి, కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని రాసింది. ప్రభుత్వ బడి మైదానం, పంచాయతీ మైదానం, మునిసిపాలిటీ స్టేడియం అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది, ప్రతి తరగతికీ అవసరమైన ఆట సామాన్లు ఇవ్వాలంది. 1989లో ఐక్యరాజ్యసమితి చేసిన బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటను, విశ్రాంతిని పిల్లల హక్కుగా చెప్పింది. మన దేశం 1992లో దానికి ఒప్పుకుంది.

కాగితం మీద ఇంత ఉంది. నేల మీద ఎంత ఉంది? మన కాలనీ బడికి గదులు ఉంటే మైదానం ఉండదు. ఊరి హైస్కూలుకు మైదానం ఉంటే సాయంత్రం గేటుకు తాళం ఉంటుంది. అందుకే మన పిల్లలు చెనక్కాయ పీకిన చేన్లో ఆడుకుంటారు. విత్తనం పడితే ఆట బంద్. ఎండిన చెరువులో ఆడుకుంటారు. వాన పడితే ఆట బంద్. వాన పడాలని ఊరంతా మొక్కుకునే సీమలో, వాన పడితే ఆడుకునే చోటు పోయే పిల్లలు మనోళ్లే.

ఈ మూడు ఊళ్లూ 2022 ఏప్రిల్ 4 దాకా అనంతపురం జిల్లాలో ఉండేవి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. జిల్లా బోర్డు మారింది, పిల్లల సాయంత్రాలు మారలేదు. ధర్మవరం పట్టుచీర కట్టుకున్నోళ్లకు దాని అంచు కనపడుతుంది. రాట్నం దగ్గర కండెలు చుట్టే చిన్న చేతులు కనపడవు. హిందూపురంలో చింతపండు సీజన్ వస్తే తల్లి పక్కన కూర్చుని గింజ తీసే పిల్ల, బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి దించుతుంది గాని నడుము దించదు. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడ తయారైన కార్లు లక్షల్లో బయటికి పోయినాయి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు ఆడుకునే నేల మాత్రం ఒక్క గజం పెరిగిందా?

ఇంకో సంగతి. మన ఇళ్లల్లో అమ్మానాయనలు బెంగుళూరుకు వలసపోయి, పిల్లలు అవ్వ దగ్గర ఉండేవి ఎన్నో. అవ్వ కన్ను మసక. ఆ పిల్లోడికి సాయంత్రం పూట కనపడే పెద్దమనిషి ఆట నేర్పే అన్న ఒక్కడే. ఆ అన్న నోటి నుంచి వచ్చే మాటే వాడికి తండ్రి మాట. అందుకే ఆ మాటలో బూతు ఉంటే అది మామూలు బూతు కాదు. ఆ చేతిలో బెత్తం ఉంటే అది మామూలు బెత్తం కాదు.

*

పిల్లే ముందు, కప్పు తర్వాత. ఇదీ మనం అడుగుతున్న కోచింగు. దీని అర్థం ఆటను తేలిక చేయమని కాదు. పిల్లల ఒళ్లు, మనసు ఎట్లా పెరుగుతాయో తెలుసుకుని నేర్పమని.

పదకొండేళ్ల పిల్లల పోటీ పెడితే గెలిచేది ఎవరు? ఎక్కువసార్లు తొందరగా ఒళ్లు వచ్చినోడు. ఒకే తరగతిలో పిల్లలు ఇద్దరికి వయసులో పదకొండు నెలల తేడా ఉండొచ్చు. ఆ వయసులో పదకొండు నెలలు చాలా పెద్ద తేడా. కోచ్ ఆ ఎత్తు చూసి 'వీడికి టాలెంటు ఉంది' అంటాడు. చిన్నగా ఉన్నోణ్ణి 'వీడు పనికిరాడు' అంటాడు. టాలెంటు అన్నది కాదు అక్కడ కనపడింది, నెలలు. టాలెంటు అన్నది కాదు, తిండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆ 31 మందిలో ఏ గేరి పిల్లలు ఎక్కువ ఉంటారో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆకలి వెనక్కి నెట్టిన పిల్లని ఆట రెండోసారి వెనక్కి నెడుతోంది. నెట్టి, దానికి 'సెలెక్షన్' అని పేరు పెడుతోంది. ప్రతిభ పేరుతో రిజర్వేషన్లను వ్యతిరేకించేవాళ్ల మాట మనకు బాగా తెలుసు. అదే మాట మనం పదకొండేళ్ల పిల్లలతో అంటున్నాం.

రెండో సంగతి, భయం. దెబ్బ భయంతో ఆడే పిల్లోడు తప్పు చేయకుండా ఉండాలని చూస్తాడు, కొత్తది ప్రయత్నించడు. కూతకు పోయినోడు లోపలికి చొరబడడు, గీత పక్కనే తిరిగి వస్తాడు. బంతిని ముందుకు వచ్చి కొట్టడు. తప్పు చేసే స్వేచ్ఛ లేనిచోట నేర్చుకోవడం లేదు. మనం పుట్టినప్పటి నుంచి 'తలొంచుకుని పో' అని నేర్పించుకున్న జాతి. కనీసం మైదానంలోనైనా పిల్లలు తలెత్తి తప్పు చేయనివ్వండి.

'అట్లా ముద్దు చేస్తే పతకాలు వస్తాయా?' అని అడుగుతారు. నార్వే అని ఒక చిన్న దేశం ఉంది. జనాభా 55 లక్షలు. అక్కడ 1987లోనే పిల్లల ఆటలకు నియమాలు రాసుకున్నారు. 2007లో వాటిని పిల్లల హక్కులుగా స్థిరపరిచారు. పదకొండో ఏడు వచ్చేదాకా పోటీ పట్టికలు, ర్యాంకులు ఉండవు. పదమూడో ఏడు రాకముందు జాతీయ ఛాంపియన్‌షిప్ ఉండదు. ఏ ఆట ఆడాలో, ఎంత ఆడాలో చెప్పే హక్కు పిల్లలదే. ఆ దేశమే 2022లో బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 బంగారు పతకాలు గెలిచి అన్ని దేశాలకన్నా ముందు నిలబడింది. వాళ్లకు డబ్బుంది, మంచుంది, నిజమే. మనకు అవి లేవు. కానీ పిల్లని కొట్టకుండా ఉండటానికి డబ్బు అక్కరలేదు. మంచు అంతకన్నా అక్కరలేదు.

అంత దూరం ఎందుకు, మన అనంతపురమే చూడండి. 1969లో విన్సెంట్ ఫెర్రర్, ఆన్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అక్కడ పల్లె పిల్లలకు ఆటల కేంద్రం కట్టింది. 2010లో టెన్నిస్ ఆటగాడు రాఫెల్ నాదల్ ఫౌండేషన్ అక్కడ ఒక టెన్నిస్ బడి తెరిచింది. ఆ బడిలో రాకెట్ పట్టడంతో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు నేర్పుతారు. ఎందుకు? ఆ పిల్లలందరూ నాదల్ అవుతారని కాదు. ఎవరూ నాదల్ కాకపోయినా ఆట వాళ్లకు ఏదో ఒకటి ఇచ్చి పంపాలని. దాతల మీద ఆధారపడేది కాదు మన ఉద్యమం. కానీ ఈ ఒక్క సూత్రం ఎవరి దగ్గర ఉన్నా తీసుకోవాల్సిందే: ఆటలో గెలవని పిల్ల కూడా ఆట నుంచి ఏదైనా తీసుకుని ఇంటికి పోవాలి.

ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? 2023 డిసెంబరులో రాష్ట్రమంతా 'ఆడుదాం ఆంధ్రా' అని పోటీలు పెట్టారు. పదిహేనేళ్లు దాటినోళ్లకు. పోటీ పెట్టడం సులభం, ఫొటో దిగడం ఇంకా సులభం. పదేళ్ల పిల్లకు రోజూ సాయంత్రం నేర్పే మనిషిని పెట్టడం కష్టం. ఆ కష్టమైన పని అడగాల్సింది మనమే, అంతవరకు చేయాల్సిందీ మనమే.

*

ఆడపిల్లల సంగతి వేరుగా రాయాలి. 2023 జనవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ఒలింపిక్ పతకం తెచ్చిన సాక్షి మాలిక్ లాంటి మల్లయోధురాళ్లు, తమ క్రీడా సంఘం పెద్ద లైంగికంగా వేధించాడని ఆరోపిస్తూ రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. పతకం మెడలో ఉన్నోళ్లకే ఆ గతి పడితే, చెప్పుల్లేకుండా మైదానానికి వచ్చే మన పిల్లకు నోరెట్లా లేస్తుంది?

చట్టం తెలుసుకోండి. 2012లో పోక్సో చట్టం వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు ప్రతి పిల్లకూ, పిల్లోడికీ అది రక్ష. నమ్మకంగా అప్పగించిన పిల్ల మీద అధికారం ఉన్నోడే తప్పు చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ. కోచ్ ఆ లెక్కలోకే వస్తాడు. తప్పు జరిగిందని తెలిసి పోలీసులకు చెప్పకుండా దాచిపెట్టడం కూడా నేరమే. 'మన సంఘం పరువు పోతుంది', 'మనోడే కదా, కూర్చుని మాట్లాడుకుందాం' అని పంచాయితీ చేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. రెడ్డి చావిడిలో జరిగిన పంచాయితీ తప్పయితే, అంబేడ్కర్ భవనంలో జరిగిన పంచాయితీ ఒప్పు కాదు. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. ప్రతి పిల్లకూ అది నోటికి రావాలి. అట్లాగే నలుగురిలో కులం పేరుతో అవమానిస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. మైదానం ఆ చట్టానికి బయట లేదు.

*

ఇక పనిలోకి వద్దాం. మన సంఘాలు, యువజన సభ్యులు, కళాజట్టాలు, మహిళా సంఘాలు చర్చించి అమలు చేయడానికి కింది నియమాలు పెడుతున్నాం. తప్పులుంటే దిద్దండి. కానీ చర్చ పేరుతో మూలన పడేయొద్దు.

1. పన్నెండేళ్ల లోపు ఆటలో వచ్చిన ప్రతి పిల్లా ఆడాలి. కనీసం సగం ఆట. గట్టు మీద కూర్చోవడానికి ఎవరూ మైదానానికి రారు. పదకొండు మంది జట్టు కాకుండా అయిదుగురి జట్లు చేస్తే ప్రతి పిల్లకూ బంతి ఎక్కువసార్లు అందుతుంది. కబడ్డీకి గీతలు దగ్గరికి గీయండి.

2. బెత్తం, బూతు, గుంజీలు, గోడ కుర్చీ, ఎండలో నిలబెట్టడం బంద్. తప్పు చేస్తే ఎట్లా చేయాలో చేసి చూపించు. రెండోసారి తప్పు చేస్తే రెండోసారి చూపించు. అంత ఓపిక లేనోడు పెద్దోళ్ల జట్టులో ఆడుకోవచ్చు, పిల్లల దగ్గరికి రాకూడదు.

3. కులం, రంగు, బక్కతనం, లావు, అమ్మానాయనల పని మీద ఎగతాళి చేయకూడదు. పిల్లకు ఒక పేరుంది. ఆ పేరుతో పిలవాలి. మాల పిల్లలు ఒక జట్టు, మాదిగ పిల్లలు ఒక జట్టు అని కట్టొద్దు. తండా పిల్లలు, దూదేకుల పిల్లలు, బుడగ జంగం పిల్లలు వస్తే వాళ్లను కలిపి జట్లు వేయండి. ఊరు మనల్ని విడదీసిన గీతల్ని మనమే సున్నంతో గీయొద్దు.

4. మన ఎండ సంగతి తెలుసు కదా. వేసవిలో పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదు తర్వాతే ఆట. అరగంటకోసారి నీళ్లు. అందరికీ ఒకే బిందె, ఒకే గ్లాసు. ఆటకు ముందు 'తిన్నావా' అని అడగడం కోచ్ మొదటి పని. గుప్పెడు ఉడకేసిన చెనక్కాయలు, ఒక బెల్లం ముక్క. హిందూపురం బెల్లం మనకు దూరమా?

5. బూట్లు లేవని ఏ పిల్లనూ వెనక్కి పంపొద్దు. ఆటకు ముందు రాళ్లు, గాజుముక్కలు, కంపముళ్లు ఏరేయాలి. ఆ పని పెద్దోళ్లది. కప్పు కొనే డబ్బులో సగం తగ్గించి, ఒక మందుల పెట్టె కొనండి.

6. ఆడపిల్లలు లేని జట్టుకు సంఘం చందా ఇవ్వొద్దు. ఆడపిల్లలు ఆడేచోట ఒక అక్కో, పిన్నో తప్పకుండా ఉండాలి. ఏ బట్టలు వేసుకుని ఆడాలో వాళ్లకే వదిలేయండి. నెలసరి రోజుల్లో ఆడాలో వద్దో పిల్ల చెప్తుంది, కారణం అడగొద్దు. పొద్దు గుంకకముందే ఇంటికి చేర్చే బాధ్యత సంఘానిది.

7. ఏ పెద్దమనిషీ ఒక్క పిల్లతో ఒంటరిగా ఉండకూడదు. బండి మీద ఒక్కదాన్నే ఎక్కించుకుని పోకూడదు. రాత్రిపూట ఫోన్లు, మెసేజ్‌లు చేయకూడదు. ఎంత మంచోడైనా సరే. మంచోడికి ఈ నియమం వల్ల నష్టం ఏమీ లేదు.

8. బడి మానేసి ఆట వద్దు. ఆట మాన్పించి పని వద్దు. మగ్గం దగ్గర, ఇటుకల బట్టీ దగ్గర పిల్ల ఉందని తెలిస్తే, జట్టులో చోటు ఇచ్చే ముందు ఇంటికి పోయి అమ్మానాయనలతో మాట్లాడండి. వాళ్లను తిట్టడానికి కాదు, అప్పు ఎంతో కూలి ఎంతో తెలుసుకోవడానికి.

9. ఆట అయినాక అయిదు నిమిషాలు పిల్లలు గుండ్రంగా కూర్చోవాలి. ఈరోజు ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, ఎవరైనా బాధపెట్టారా అని అడగాలి. కోచ్ వినాలి. నోరు మూసుకుని వినాలి. కొత్త తరం నాయకులు పుట్టేది ఆ గుండ్రంలోనే.

10. కోచ్ మీద ఫిర్యాదు వస్తే వినడానికి ముగ్గురి కమిటీ. అందులో ఇద్దరు ఆడవాళ్లు. కోచ్ బంధువు ఒక్కరూ ఉండకూడదు. ఫిర్యాదు చేసిన పిల్లను జట్టు నుంచి తీసేయడం ఉండదు. నేరం అయితే కమిటీ తీర్పు చెప్పదు, పోలీసు స్టేషనుకు పోతుంది.

*

'భూమి సమస్య ఉంది, కూలి సమస్య ఉంది, శ్మశానానికి దారి లేదు. ఇన్ని ఉండగా పిల్లోళ్ల ఆటల మీద సంపాదకీయమా?' అని కొందరు అన్నలు కోప్పడతారు. అన్నా, నీ కోపం న్యాయమే. కానీ ఒక్క మాట విను. రేపు ఆ భూమి కోసం తహశీల్దారు ముందు నిలబడి అడగాల్సింది ఎవరు? ఇవాళ మైదానంలో చెయ్యి అడ్డం పెట్టుకుంటున్న ఆ పిల్లోడే. దెబ్బ పడుతుందని ముఖం దాచుకోవడం పదేళ్లకే నేర్చుకున్నోడు ఇరవై ఏళ్లకు ఎవరి ముఖం చూసి మాట్లాడతాడు? గట్టు మీదే కూర్చోబెట్టిన పిల్ల రేపు గ్రామసభలో ముందు వరసలో ఎట్లా కూర్చుంటుంది? ఆత్మగౌరవం ఉపన్యాసంతో రాదు. రోజూ సాయంత్రం గంటసేపు ఒక పెద్దమనిషి తనను మనిషిగా చూస్తే వస్తుంది.

ఇంకొందరు 'మమ్మల్ని కొట్టే నేర్పినారు, మేం బాగుపడలేదా?' అంటారు. బాగుపడినోళ్లు మాట్లాడుతున్నారు. దెబ్బలకు ఆట మానినోళ్లు, బడి మానినోళ్లు, బెంగుళూరులో గారె మోస్తున్నారు. వాళ్లు ఈ సభకు రాలేదు. వాళ్ల తరఫున కూడా లెక్క చూడాలి.

కాబట్టి ఈ పత్రిక తరఫున ఒక్క పిలుపు. వచ్చే ఏప్రిల్ 14న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో టోర్నమెంటు పెట్టే ప్రతి సంఘం, పెద్దోళ్ల ఆటకు ముందు ఒక పిల్లల ఆట పెట్టాలి. పన్నెండేళ్ల లోపు, ఆడపిల్లలు మగపిల్లలు కలిసి, పై పది నియమాలతో. అందులో కప్పు ఉండొద్దు. ఆడిన ప్రతి పిల్లకూ ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను ఇవ్వండి. ఎట్లా జరిగిందో మాకు రాయండి. బాగా జరిగితే రాయండి, బాగా జరగకపోతే ఇంకా తప్పకుండా రాయండి. ఎక్కడ బెత్తం మళ్లీ చేతిలోకి వచ్చిందో, ఎందుకు వచ్చిందో దాచకుండా రాయండి. అచ్చు వేస్తాం.

ఆ రోజు బంతి కంపచెట్లల్లో పడితే ఎవరు తెస్తారు? సంఘం అధ్యక్షుడు తెస్తాడు. కార్యదర్శి తెస్తాడు. నీళ్ల బిందె ఎవరు మోస్తారు? ఈ సంపాదకుడు మోస్తాడు. బ్యాటు మాత్రం, పొద్దు ఉండగానే, వెలుతురు ఉండగానే, ఆ పదేళ్ల పిల్లోడి చేతిలో ఉంటుంది. వాడి పక్కన వాడి చెల్లెలి చేతిలో ఉంటుంది. అయిదు వేళ్లతో, గట్టిగా, బొటనవేలుతో సహా.

జై భీమ్!